పొరుగింటి విస్తరణపై అభ్యంతరములు: ఇంగ్లండు విధానము

ఇంగ్లండు దేశమున సొంత పెరటిలో గది యొకటి పెంచుకొనుటయు కేవలము యజమాని యిచ్ఛపై ఆధారపడిన విషయము కాదు. 1948 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన 1947 నాటి పట్టణ గ్రామీణ ప్రణాళికా చట్టము, భూమి యెవరిదైనను దానిపై నిర్మాణమునకు స్థానిక కౌన్సిలు అనుమతి యుండవలెనని శాసించినది; నేడు అమలులోనున్న 1990 నాటి చట్టమునకును అదియే మూలసూత్రము. అయితే స్వల్ప నిర్మాణములకు మినహాయింపు కలదు. పొరుగింటితో గోడ కలిసిన యింటికి వెనుకవైపున 3 మీటర్లు, విడిగా నిలిచిన యింటికి 4 మీటర్లు మించని ఒంటి అంతస్తు విస్తరణకు, తక్కిన షరతులకు లోబడినచో, దరఖాస్తే అక్కరలేదు గనుక పొరుగువాని మాటకు అచట తావు లేదు.

దరఖాస్తు పడినచో కౌన్సిలు ఇరుగుపొరుగువారికి లేఖలు వ్రాసియో, వీధిలో నోటీసు కట్టించియో, సాధారణముగా 21 దినముల గడువిచ్చి అభిప్రాయములను కోరును. తమ యింటికి వెలుతురు తగ్గుననియు, క్రొత్త కిటికీనుండి తమ పెరటిలోనికి చూపు పడుననియు, ఎత్తైన గోడ మీదపడునట్లు తోచుననియు చెప్పు అభ్యంతరములు పరిగణనకు వచ్చును. పొరుగు కిటికీనుండి 45 డిగ్రీల కోణమున రేఖ గీచి, క్రొత్త కట్టడము దానిని దాటునేమో చూచుట పెక్కు కౌన్సిళ్ల ఆచారము. ఇంటి వెల పడిపోవుననుట, సరిహద్దు తగవు, కనులకు ఇంపైన దృశ్యము మరుగగుట మాత్రము లెక్కకు రావు. దృశ్యమునుగూర్చిన యీ భావము మిక్కిలి ప్రాచీనము: పందులదొడ్డి దుర్గంధమునుగూర్చి 1610లో విచారింపబడిన ఆల్‌డ్రెడ్ వ్యాజ్యముననే, వెలుతురునకును గాలికిని రక్షణ కలదుగాని దృశ్యసౌందర్యమునకు లేదను సిద్ధాంతము వెల్లడియైనది. 20 ఏండ్లు అనుభవించిన వెలుతురుపై 1832 నాటి చట్టమువలన సిద్ధించు హక్కును, ఉమ్మడి గోడలకు సంబంధించిన 1996 నాటి చట్టమును ప్లానింగు అనుమతితో సంబంధము లేని వేరు మార్గములు.

నిర్ణయము వెలువడిన పిమ్మట పొరుగువాని స్థితి దయనీయమగును. అనుమతి దొరకని దరఖాస్తుదారుడు 12 వారములలో ప్లానింగు ఇన్‌స్పెక్టరేటునకు అప్పీలు చేసికొనవచ్చును. అనుమతివలన నష్టపడిన పొరుగువానికి అట్టి హక్కు లేదు. పొరుగు దేశమైన ఐర్లండులో, గడువులోపల అభ్యంతరము తెలిపినవారికిని అప్పీలు హక్కు కలదనుట గమనించినచో, ఈ లోపము అనివార్యమైనది కాదని స్పష్టమగును. ఇక మిగిలినది ఆరు వారములలో హైకోర్టు నాశ్రయించుట. దాని వ్యయము సామాన్య గృహస్థునకు భరింపరానిది.

అందుచేత పలువురు మొదట కౌన్సిలునకే ఫిర్యాదు చేసి, తృప్తి కలుగనిచో, విషయము తెలిసిన 12 నెలలలోపున స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింతురు. నోటీసు సక్రమముగా ఇచ్చిరా, అభ్యంతరమును అధికారి తన నివేదికలో చర్చించెనా, కొలతలు సరిగా చూచెనా యని ఆయన విచారించునుగాని, నిర్ణయము మంచిదా చెడ్డదా యని తూచడు. దోషము ఋజువైనచో క్షమాపణయు, కొంత పరిహారమును సిఫారసు చేయునే తప్ప అనుమతిని రద్దుచేయు అధికారము ఆయనకు లేదు.

అనుమతించిన నమూనాను మీరి కట్టినప్పుడు మాత్రము కౌన్సిలు చర్య తీసికొనవచ్చును. అట్టి నిర్మాణములపై చర్యకు పూర్వము నాలుగేండ్ల గడువుండగా, 2024 ఏప్రిల్ 25 నాటినుండి, అంతకుముందే పూర్తియైనవి తప్ప, తక్కినవానికి అది పదేండ్లయినది. చర్య తీసికొనుటయు మానుటయు ఇప్పటికిని కౌన్సిలు విచక్షణకే వదలబడినవి.