డిసెంబరు 23 (తెలంగాణ చరిత్ర)

డిసెంబరు 23, గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారము సంవత్సరములో 357వ రోజు (లీపు సంవత్సరములో 358వ రోజు). చౌదరి చరణ్ సింగ్ జన్మదినమైనందున దేశమంతటా దీనిని జాతీయ రైతు దినోత్సవముగా పాటిస్తారు. గోలేటి నుండి కొత్తగూడెం వరకు గల బొగ్గుగనుల ప్రాంతములో మాత్రము ఇది సింగరేణి ఆవిర్భావ దినోత్సవము. ఆధునిక తెలంగాణ చరిత్రలోని మూడు ముఖ్య ఘట్టములు ఈ తేదీననే సంభవించినవి.

సింగరేణి కంపెనీ స్థాపన (1920)

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతములో బొగ్గు నిక్షేపములను కనుగొన్నాడు. 1886లో ఇంగ్లాండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందగా, 1889లో ఉత్పత్తి మొదలైనది. ఏడవ నిజాం కాలములో, 1920 డిసెంబరు 23న, సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా నమోదై, పాత కంపెనీ ఆస్తిపాస్తులను, అప్పులను స్వీకరించినది. ఇల్లందు సమీపమున గల సింగరేణి అను గ్రామము పేరే సంస్థకు నిలిచిపోయినది.

ఈ రెండు సంవత్సరములను విద్యార్థులు ఒకటిగా భావించరాదు. 1889 గనుల వయస్సును తెలుపును, 1920 కంపెనీ వయస్సును తెలుపును. కనుకనే 2020లో నూరేళ్ళు నిండినది కంపెనీకే. గనులు అప్పటికే 130 ఏళ్ళు దాటినవి.

1945లో హైదరాబాదు ప్రభుత్వము అధిక వాటాలను కొనుటతో సంస్థ ప్రభుత్వపరమైనది. ఆ వాటా 1956లో ఆంధ్ర ప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు సంక్రమించినది. ప్రస్తుతము రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలములోని గోలేటి, సంస్థ బెల్లంపల్లి ఏరియాకు పరిపాలనా కేంద్రము. పేరు బెల్లంపల్లి, కార్యాలయము గోలేటి అగుటచే కొత్తవారు తికమక పడుట కద్దు.

పి.వి. నరసింహారావు మరణము (2004)

మాజీ ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు 2004 డిసెంబరు 23న ఢిల్లీలో తన 83వ ఏట మరణించాడు. రామగుండం గనులకు పొరుగునే ఉన్న మంథని శాసనసభ స్థానమునకు ఆయన 1957 నుండి 1977 వరకు ప్రాతినిధ్యము వహించాడు. అంత్యక్రియలు డిసెంబరు 25న హైదరాబాదులో హుసేన్ సాగర్ తీరమున జరిగినవి. 2024లో ఆయనకు మరణానంతరము భారతరత్న లభించినది.

కేంద్ర ప్రకటన (2009)

తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియను ప్రారంభించెదమని కేంద్ర హోం మంత్రి పి. చిదంబరం 2009 డిసెంబరు 9 రాత్రి ప్రకటించాడు. రెండు వారములకే, డిసెంబరు 23న, అన్ని పక్షములతో విస్తృత సంప్రదింపులు అవసరమని మరొక ప్రకటన వెలువడినది. తెలంగాణవాదులు దీనిని మాట తప్పుటగా భావించిరి. మరునాడే రాజకీయ ఐక్య కార్యాచరణ సమితి ఏర్పడినది. పలువురు ప్రజాప్రతినిధులు రాజీనామా పత్రములను సమర్పించిరి.

ఆ ఆగ్రహము గనులను కూడా తాకినది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు విధులు బహిష్కరించగా బొగ్గు ఉత్పత్తి స్తంభించి, విద్యుత్ కేంద్రములకు సరఫరా దెబ్బతిన్నది. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడినది.