ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్: 90 ఏళ్లు దాటిన నైట్ బస్సు లవ్ స్టోరీ.. నటనలో ఎవరిది పైచేయి?

రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరిన బస్సు చిల్లకల్లు టోల్ ప్లాజా దగ్గరకొచ్చేసరికి సగం మంది నిద్రలో ఉంటారు. మిగతా సగం ఫోన్‌లో ఉంటారు. జగ్గయ్యపేట, నందిగామల్లో దిగేవాళ్లకి ఇది అలవాటైన ప్రయాణమే. అలాంటి రాత్రికి సరిగ్గా సరిపోయే సినిమా ఒకటుంది. అదే 1934లో వచ్చిన హాలీవుడ్ రొమాంటిక్ కామెడీ ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’. బ్లాక్ అండ్ వైట్ అని పక్కన పెట్టేయకండి.

కథేంటంటే.. తండ్రికి ఇష్టంలేని పెళ్లి చేసుకున్న కోటీశ్వరుడి కూతురు ఎల్లీ తండ్రి నుంచి పారిపోయి మయామీలో న్యూయార్క్ బస్సెక్కుతుంది. అదే బస్సులో ఉద్యోగం పోయిన రిపోర్టర్ పీటర్ ఉంటాడు. ఇద్దరి పరిచయం మొదలయ్యేది సీటు గొడవతో! శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ రాసిన కథ ‘నైట్ బస్’ ఆధారంగా ఫ్రాంక్ కాప్రా తీశారు.

క్లార్క్ గేబుల్‌ని ఎంజీఎం నుంచి అప్పుగా తెచ్చుకుంది కొలంబియా. హీరోయిన్ క్లాడెట్ కోల్బర్ట్‌కైతే ఈ సినిమా మీద నమ్మకమే లేదంటారు. తీరా చూస్తే ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే.. ఐదు ప్రధాన ఆస్కార్లూ దీనికే వచ్చాయి. ఈ ఘనత సాధించిన మొదటి సినిమా ఇదే. మళ్లీ అలా జరగడానికి 1975 నాటి ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక నటన సంగతి. గేబుల్ జోరు మీదుంటాడు. డోనట్‌ని కాఫీలో ఎలా ముంచాలో పాఠం చెప్పే సీన్, లిఫ్ట్ అడగడంలో తనంత మొనగాడు లేడని గొప్పలు పోయి ఒక్క కారునీ ఆపలేకపోయే సీన్.. ఇప్పటికీ నవ్వొస్తాయి. అయితే ఆడపిల్లకి రెండు తగిలించాలి అన్న ధోరణిలో అతను మాట్లాడే మాటలు మాత్రం ఈరోజు చెవికి గుచ్చుకుంటాయి. వాటిని హీరోయిజం అనుకోలేం.

నిజానికి సినిమాని మోసింది కోల్బర్టే. డిటెక్టివ్‌లు గదిలోకి రాగానే ఇద్దరూ మొగుడూ పెళ్లాల్లా పోట్లాట మొదలుపెడతారు చూడండి, అక్కడ కోటీశ్వరుడి కూతురు ఒక్క క్షణంలో ప్లంబర్ కూతురైపోతుంది. ఈ సీన్ చూస్తే మన ‘మిస్సమ్మ’ (1955) గుర్తుకురాక మానదు. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఎన్టీఆర్, సావిత్రిల జోడీ అది. కథలకి సంబంధం లేదు కానీ, నటిస్తున్నట్టు నటించడం ఎంత కష్టమో రెండు చోట్లా కనిపిస్తుంది. కోపాన్ని కామెడీగా మార్చడంలో సావిత్రి ఎవరికీ తీసిపోదు. ఇక ఎన్టీఆర్.. 2022 నుంచి జగ్గయ్యపేట, నందిగామలున్న జిల్లాకి ఆయన పేరే.

రాత్రి బస్సులో ఒంటరి ఆడపిల్ల పక్కన చేరి విసిగించే ప్రయాణికుడిగా రాస్కో కార్న్స్ చేసింది చిన్న పాత్రే. కానీ బస్సుల్లో తిరిగే అమ్మాయిలకి ఆ నవ్వు, ఆ వాగుడు బాగా తెలిసినవే. తొంభై ఏళ్లలో అదొక్కటీ పాతబడలేదు! బస్సంతా కలిసి పాట పాడుతుండగానే ఆకలితో ఓ తల్లి సొమ్మసిల్లే సీన్ కూడా మర్చిపోలేం. అప్పటి అమెరికా ఆర్థిక మాంద్యం మొత్తం అందులో ఉంది.

నిడివి గంటా ముప్పావు. రెండు మంచాల మధ్య తాడు కట్టి వేలాడదీసిన దుప్పటి చివరికి ఏమవుతుందో చూడకుండా ఆపొద్దు. నందిగామలో దిగాల్సినవాళ్లు మాత్రం అలారం పెట్టుకోవడం బెటర్.