అవధానమును ధారణయు

కృష్ణవేణి సముద్రమును జేరుటకు ముందు దాని పడమటి యొడ్డున నున్న సీమ రేపల్లె తాలూకా. తొల్లి గుంటూరు మండలములోనిదైన యీ భాగము 2022-వ సంవత్సరమున నేర్పడిన బాపట్ల జిల్లాలోఁ జేరినది. పెనుమూడి రేవు దాఁటినచో దివిసీమ. అందలి పెదకళ్ళేపల్లి వేటూరి ప్రభాకరశాస్త్రిగారి (1888–1950) జన్మస్థానము. ఇంకను దూర్పునకుఁ బోయిన బందరు. అచ్చటి హిందూ హైస్కూలునఁ జెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు (1870–1950) తెలుఁగు పండితులై యుండిరి. ప్రభాకరశాస్త్రిగారు వారి శిష్యులు. వేంకటశాస్త్రిగారును దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (1872–1920) గలసి తిరుపతి వేంకటకవు లైరి. పడమటి దెస, నరసరావుపేట చెంతఁ గొప్పరము గలదు. అది కొప్పరపు సోదరకవులగు వేంకటసుబ్బరాయకవి (1885–1932), వేంకటరమణకవి (1887–1942) గార్ల గ్రామము. అవధానవిద్యకుఁ బేరు దెచ్చిన రెండు కవియుగ్మముల నడుమఁ బడిన సీమ యిది.

ఈ రెండు జంటలకును గుంటూరు మండలమున 1911 ప్రాంతమున జరిగిన వివాదము సాహిత్యచరిత్ర చదివినవారికిఁ గ్రొత్త గాదు. ఎవరిది పైచేయి యను ప్రశ్న యిచ్చట ననవసరము. లోకము వారి వేగమును గొనియాడినంతగా వారి ధారణను విమర్శించి చూడలే దనుటయే ప్రకృతము. ఆ యుపేక్షాఫలము నేఁడు కనఁబడుచున్నది. అవధానము జ్ఞాపకశక్తిని బెంచు సాధన మనియుఁ, బత్రికలలోని గళ్ళనుడికట్టు దినమున కొక్కటి పూరించిన వృద్ధులకు మతిమఱపు రాదనియు నొక నమ్మకము వ్యాపించినది. ఇందు సత్య మెంతయో విచారింపవలసియున్నది.

ముందుగ శబ్దమును జూతము. ‘అవ’ యను నుపసర్గతోఁ గూడిన ‘ధా’ ధాతువుపై ల్యుట్ప్రత్యయము చేరఁగా అవధానశబ్ద మేర్పడినది; మనస్సు నొకచో నుంచుట యని యర్థము. ధారణాశబ్దము ‘ధృ’ ధాతువుపై ణిచ్చును యుచ్చును జేరఁగా వచ్చినది; పట్టి నిలుపుట యని యర్థము. ధాతువులే వేఱు. సభాపతి యగు కవిని అవధాని యందురే కాని ధారణి యనరు. ఈ వివేకము శాస్త్రకారులకుఁ గలదు. స్మృతికారణములను బరిగణించుచు గౌతముఁడు న్యాయసూత్రములలోఁ బ్రణిధానమును మొదటను, నిబంధమును రెండవదిగను, అభ్యాసమును మూఁడవదిగను జెప్పెను. ప్రణిధానమును ‘ధా’ ధాతుజన్యమే. చరకుఁడు స్మృతికిఁ జెప్పిన కారణము లెనిమిది; వానిలో సాదృశ్యము, వైపరీత్యము, అభ్యాసము, మరల వినుట యనునవి గలవు. చిక్కుప్రశ్న యను కారణ మీ రెండు పట్టికలలో నెందును లేదు.

సభలో జరుగునది చూచినను నిదియే తోఁచును. అష్టావధానమున నెనమండుగురు పృచ్ఛకులు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి మొదలగువానికిఁ బద్యములు చెప్పవలయును. ఒక్కొక్క యావృత్తమున నొక్కొక్క పాదము చొప్పున నాలుగావృత్తములలోఁ బద్యములు పూర్తియగును. నిషిద్ధాక్షరి పృచ్ఛకుఁ డడుగడుగునను రానున్న యక్షరమును నిషేధించును. ఘంట మ్రోఁగిన నెన్ని మాఱులు మ్రోఁగెనో లెక్క యుంచుకొనవలయును. అప్రస్తుతప్రసంగి వంటయింటి మాటయో సంతబేరమో యెత్తి చెదరఁగొట్టఁ జూచును. ఇవి యన్నియు ధారణకు విఘ్నములు, విఘ్నములుగానే కల్పింపఁబడినవి. చివర నన్నిపద్యములను వరుసగ నప్పగించుటయే ధారణ. సమస్య ధారణను బరీక్షించును గాని పెంచదు. తూఁచిన మాత్రమున బియ్యము పెరుగదు గదా.

వ్యస్తాక్షరి నుదాహరింతము. పృచ్ఛకుఁడు ‘రేపల్లె పొలిమేర కృష్ణమ్మ’ యను పదియక్షరముల వాక్యము దలఁచుకొనెననుకొందము. సభ నడుమ నొక చీటిపై ‘7 – ర’ యని వ్రాసి యిచ్చును. అవధాని దానిఁ జూచి మరల శార్దూలపాదమునకుఁ బోవును. కొంతసేపటికి ‘2 – ప’ వచ్చును; ఇంకొంతసేపటికి ‘9 – ష్ణ’. తుదకు వాక్యము చెప్పవలయును. ఇచ్చట నవధానికిఁ దోడ్పడునది యేదియు లేదు. అర్థము లేదు, ఛందస్సు లేదు, వరుస లేదు. ఉన్నవి యక్షరమును నంకెయు మాత్రమే. అవధానాంగములలో శుద్ధధారణ యిదియే యని చెప్పవచ్చును. సభాసదులు మాత్రము దీనిని బిల్లలయాటగాఁ జూచి, సమస్యాపూరణమునకుఁ జప్పట్లు చఱతురు!

పద్యముల సంగతి వేఱు. శతావధానమున నూఱుగురు పృచ్ఛకులు, నాలుగువందల పాదములు. ఉత్పలమాలయే యనుకొన్నచోఁ బద్యమునకు 80 అక్షరములు, మొత్తము 8,000. ఇన్ని యక్షరములను విడివిడిగ నెవ్వఁడును ధరింపలేఁడు. ధరింప నక్కఱయు లేదు. పాదమున 20 అక్షరముల గురులఘుక్రమము ముందే నిశ్చితము. మొదటి యక్షరమునకును బదియవదానికిని యతి కుదురవలయును. రెండవ యక్షరము నాలుగు పాదములందును బ్రాసచేఁ గట్టువడియున్నది. ఒక పాదము స్ఫురించినచోఁ దక్కినవాని ద్వారములు తెఱచుకొనును. ఒక్క రచనలోఁ గూర్పఁబడిన విషయములు పరస్పరస్మారకము లగునని వాత్స్యాయనుఁడు నిబంధశబ్దమును వ్యాఖ్యానించెను. తెలుఁగుకవికి యతిప్రాసలు చేసిన యుపకార మిదియే. వానిని సంకెల లని నిందించువారు ధారణాపక్షమున నొకమాఱు యోచింపవలయును.

ఐనను నిబంధము పనిచేయుటకు ముందు ధారణకు మూలధనము కావలయును. ఆ ధనము వీథిబడిలోఁ జేకూరెడిది. ఇసుకపై వ్రేలితో నక్షరములు దిద్దుచు, ఎక్కములు వల్లించుచు, అమరకోశమును నోటఁ బట్టుచుఁ బెరిగిన బాలునకుఁ బర్యాయపదములు వెదకఁ బనిలేదు. వేదాధ్యయనమున నీ యభ్యాస మింకను గఠినము. ఘనపాఠమున మూఁడు పదములను ముందునకును వెనుకకును ద్రిప్పి పలుకఁగా నవి పదుమూఁ డగును. త్రిప్పినపుడెల్ల సంధి మాఱును, స్వరము మాఱును. వ్యాకరణ మెఱుఁగనివానికి నిది వట్టి గొంతుపనిగాఁ దోఁచును.

హరియాణాలోని మానేసరునఁ గల జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రమున 21 మంది యజుర్వేదపండితులను, అంతే సంఖ్య గల యితరులను బరీక్షించి, 2016-వ సంవత్సరమునఁ బ్రకటించిన పరిశోధన మొకటి గలదు. పండితుల మెదడులోఁ బెక్కు భాగములు, స్మృతికి సంబంధించిన హిప్పోకాంపస్ కుడివైపు భాగము సైతము, ఇతరులకంటె నెక్కువ పుష్టితో నున్నట్లు తేలినది. అధ్యయనమువలననే యట్లయినదా, పుష్టి గలవారే యధ్యయనమున నిలిచిరా యనునది యొక్కమాఱు చేసిన పరీక్షవలనఁ దేలదు. కావున దీనిని జూపి విఱ్ఱవీఁగుట తగదు.

ఆహారవిహారముల విషయ మిఁక. వాగ్భటుఁడు దినచర్యాధ్యాయమున బ్రాహ్మీముహూర్తమున మేల్కాంచుటను, అభ్యంగమును, వ్యాయామమును విధించెను. చరకుఁడు మేధ్యరసాయనములుగఁ జెప్పినవి నాలుగు: మండూకపర్ణి, యష్టిమధుకము, గుడూచి, శంఖపుష్పి. మొదటిది మన సరస్వతియాకు, రెండవది యతిమధురము, మూఁడవది తిప్పతీఁగ. బ్రాహ్మి యను పేర నొకచో సరస్వతియాకును, వేఱొకచో నీరుబ్రాహ్మిని అమ్ముచుందురు. ఆకు గుర్తెఱుఁగక పేరు నమ్మువాఁడు రెంటికిని జెడును. ఆకు దినుట సులభ మగుటచేఁ గాఁబోలు, లోకము దానిని బట్టుకొని వ్యాయామమును విడిచినది.

నేఁటి వైద్యుల మతము వాగ్భటునికి దగ్గఱగనే యున్నది. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము 2024-వ సంవత్సరమున మతిభ్రంశమునకు సవరింపఁదగిన కారణములను 14 పేర్కొనెను. చెవుడు, దృష్టిలోపము, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, దేహశ్రమ లేకుండుట, ఒంటరితనము, బాల్యమున విద్య కొఱవడుట మొదలగునవి యందుఁ గలవు. వీనిని సవరించుకొన్నచో నూటికి 45 వంతుల మతిభ్రంశమును నివారించుటయో యాలస్య మొనర్చుటయో సాధ్యమని వారి యంచనా. గళ్ళనుడికట్టు పూరింపకుండుట యా పదునాలుగింటిలో లేదు. 1913-వ సంవత్సరమున న్యూయార్కు పత్రిక యొకదానఁ బుట్టిన యీ వినోదము తెలుఁగునఁ జక్కగా నమరినది. సంయుక్తాక్షరమైనను నొక్క గడిలో నిముడుట మన లిపికిఁ గలిగిన సౌకర్యము. పూరించువారికిఁ బూరించుటలో నేర్పు పెరుగును, సంతోషమును గలుగును. కాని వినికిడి తగ్గినను వైద్యునిఁ జూడక, ఇల్లు కదలక, గళ్ళు నింపుచున్నా మను ధీమాతో నుండు వృద్ధునకు నష్టము నిజమైనది. అతఁడు నలుగురితోఁ గూర్చుండి పద్యములు చదివినచో నంతకంటె మేలు. అందు వినుటయు, మాటాడుటయు, సాంగత్యమును గలసివచ్చును.

ధారణకును జిరస్మృతికిని గల భేద మొకటి మిగిలియున్నది. అవధాని ధారణ సభ ముగియువఱకే. అవధానపద్యములు మనవఱకు వచ్చిన దెవరో యప్పుడు కాగితముపై వ్రాసికొనుటచేతనే. తిరుపతి వేంకటకవుల శతావధానసారము గ్రంథరూపమున నుండఁబట్టి నేఁడు చదువఁగలుగుచున్నాము. చాటుపద్యముల దారి వేఱు. అవి పలువురి నోళ్ళలో మరల మరల విని, మరల మరల పలుకఁబడి తరములు గడచినవి. చరకుఁడు పునఃశ్రుత మన్న దదియే. పెదకళ్ళేపల్లిలోఁ బుట్టిన ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిగఁ గూర్చినది యట్టివానినే. శతావధాని మాత్రము నూఱు పద్యములను అప్పగించి, వానిని పృచ్ఛకుల కాగితములకు విడిచి, మఱుసటి యూరికి బండి కట్టించుకొనెడివాఁడు.