పాలు, గుడ్డు మానేసిన ఇంట్లో పసిబిడ్డ: వెల్లూరు నేర్పిన పాఠం

నేను ఎలమంచిలి నుంచి మాట్లాడుతున్నా. మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మేమిద్దరం వీగన్ అయిపోయాం. పాలు, పెరుగు, గుడ్డు మానేసి రెండేళ్ళు. బాబుకి ఏడో నెల. నా పాలిస్తున్నా, చోడి జావ పెడుతున్నా. సరిపోతుంది కదా?" అంది. వెంటనే "ఆఁ" అనలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే చరిత్రలోకి వెళ్ళాలి.

చోళ్ళు, అంటే రాగులు, తక్కువ తిండేం కాదు. 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. కానీ అందులో బి12 విటమిన్ ఉండదు. ఆకుకూరల్లోనూ, పప్పుల్లోనూ ఉండదు. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు. మనకి మామూలుగా పాలు, గుడ్లు, చేప, మాంసం ద్వారా అందుతుంది.

ఇక్కడ మన తెలుగాయన ఒకరు వస్తారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములని మింగేసింది. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. రక్తం పట్టడానికి గొప్ప మందు. కానీ త్వరలోనే డాక్టర్లు ఒక చిక్కు గమనించారు. బి12 లేనివాళ్ళకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. బి12ని వేరుచేసింది 1948లో. 'వీగన్' అనే మాట అప్పటికే, 1944లోనే, ఇంగ్లండులో పుట్టేసింది!

ఆకుకూరలు బాగా తినేవాళ్ళకి ఫోలేట్ దండిగా అందుతుంది. అందుకే లోపల బి12 తగ్గుతున్నా చాలాకాలం బయటపడకపోవచ్చు.

ఇప్పుడు వెల్లూరు వద్దాం, చిత్తూరుకి పక్కనే. 1962లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు లాన్సెట్ పత్రికలో కొందరు పసిపిల్లల గురించి రాశారు. శాకాహారులైన తల్లుల పాలు తాగి పెరుగుతున్న పిల్లలు. రక్తం లేదు, చర్మం నల్లబడింది, నేర్చుకున్న ఆటలు కూడా మర్చిపోతున్నారు. తల్లుల్లోనూ బి12 తక్కువే. బి12 ఇచ్చాక పిల్లలు తేరుకున్నారు. తప్పు తల్లిపాలది కాదు. తల్లి ఒంట్లో లేనిది పాలల్లోకి ఎక్కడినుంచి వస్తుంది?

మరి పిల్లలకి వీగన్ తిండి సురక్షితమేనా? ఇందులో నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. 2016లో అమెరికా ఆహార నిపుణుల సంఘం 'సరిగ్గా ప్లాన్ చేస్తే పసివాళ్ళకీ ఫర్వాలేదు' అంది. అదే ఏడాది జర్మనీ పోషకాహార సంఘం 'పిల్లలకి మేం సిఫారసు చెయ్యం' అంది. బి12 తప్పనిసరిగా అందాలి అన్నచోట మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

చెల్లికి ఇదే చెప్పాను. "ముందు నీకూ బాబుకీ బి12 టెస్టు గురించి పిల్లల డాక్టర్ని అడుగు. డోసు ఆయనే చెప్తారు. ఐరన్ సంగతీ అడుగు. నీ పాలు ఆపకు. బాదంపాలు, కొబ్బరిపాలు వాటికి బదులు కావు. బి12 మందు సూక్ష్మజీవుల నుంచి తీసేదే, నీ నియమానికి అడ్డు రాదు. ఆలస్యం మాత్రం చెయ్యకు. రక్తం మళ్ళీ పడుతుంది గానీ, మెదడు ఎదిగే నెలలు తిరిగి రావు."

మీ ఇంట్లోనూ ఇలాంటి బుజ్జిగాడు ఉంటే, ఈ వీడియో వాళ్ళమ్మకి పంపండి. ఉంటాను మరి!