ఊరు కదలకుండానే పరదేశీయులు



పరదేశీయుడంటే ఓడ దిగి వచ్చినవాడని అనుకుంటాం. పుట్టిన ఇంటి అరుగు మీద కూర్చునే పరదేశీయుడు కావచ్చునని యానాం చరిత్ర చెబుతోంది.

గౌతమి ఒడ్డున, చుట్టూ ఇంగ్లీషువారి గోదావరి జిల్లా ఉండగా, యానాం మాత్రం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. ఇంగ్లీషువారి చట్టం ఆ పొలిమేర దాటేది కాదు. 1929లో శారదా చట్టం వచ్చాక, బాల్య వివాహాలు చేయదలచినవారు యానాంకు తరలివచ్చేవారు. కళ్యాణపురమని పేరు కూడా పడింది. గొప్పగా చెప్పుకోవలసిన పేరేమీ కాదనుకోండి.

1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహేలతోపాటు యానాం పరిపాలన కూడా భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. జెండా మారిందేగాని, చట్టం దృష్టిలో అక్కడి జనం ఇంకా ఫ్రెంచి జాతీయులే. అప్పగింత ఒడంబడిక మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. అది అమలులోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16 అయింది.

ఆ ఒడంబడికలో పౌరసత్వం సంగతి కాస్త జాగ్రత్తగా వినండి. అక్కడ పుట్టి, ఆ రోజుకు అక్కడే కాపురమున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. ఫ్రెంచి జాతీయతే ఉంచుకోదలిస్తే ఆరు నెలలలోగా రాసి ఇవ్వాలి. ఊరుకుంటే భారతీయులే. సంగతి తెలియక ఊరుకున్నవాడూ, తెలిసి ఊరుకున్నవాడూ ఒకే లెక్కలోకి వచ్చారు. పద్దెనిమిదేళ్లలోపు పెళ్లికాని పిల్లలకు తండ్రి మాటే ఖాయం. తండ్రి లేకపోతే తల్లి మాట.

అక్కడే పుట్టి, విదేశంలో కాపురమున్నవారికి నియమం తిరగబడింది. వారు ఊరుకుంటే ఫ్రెంచివారే. భారతీయులు కావాలంటే వారే రాసి ఇవ్వాలి. ఒక తల్లి బిడ్డలనే తీసుకోండి. అన్న ఊళ్లో, తమ్ముడు ఫ్రాన్సులో కొలువులో. ఇద్దరూ కలం పట్టలేదు. అన్న ఒక దేశం, తమ్ముడు ఇంకో దేశం!

మరి ఫ్రెంచి జాతీయతే కావాలని రాసి ఇచ్చిందెవరు? నాలుగు ఊళ్లలోనూ ఎక్కువమంది రాయలేదు. రాసినవారిలో ఫ్రెంచి సైన్యంలోనో, వలస కొలువుల్లోనో పనిచేసి పింఛను తీసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1881 నాటి ఉత్తర్వుతో కులాచార ధర్మాన్ని వదిలి, ఫ్రెంచి పౌరస్మృతినీ కొత్త ఇంటిపేరునూ స్వీకరించిన వంశాలు, ముఖ్యంగా పుదుచ్చేరి తమిళులలో, మరికొన్ని. వీరికి దేశభక్తి లేదని అనేవారున్నారు. నేను ఒప్పుకోను. పింఛను మీద బతికే ఇంట్లో ముందు చూసేది నెల ఎలా గడుస్తుందనే.

సంతకం చేసిన మర్నాడు ఏం మారింది? అదే ఇల్లు, అదే సంత, అదే భాష. తేడా మెల్లగా బయటపడింది. ఇక్కడి ఎన్నికల్లో వీరికి ఓటు లేదు. ఫ్రాన్సు అధ్యక్షుడి ఎన్నికకు మాత్రం పుదుచ్చేరిలోనే ఓటు వేస్తారు. ఆ జాతీయత పిల్లలకూ సంక్రమిస్తుంది. పిల్లవాడికి ఫ్రెంచి చదువు చెప్పించాలంటే పుదుచ్చేరిలో పెద్ద ఫ్రెంచి బడి ఉంది. యానాంవారికి అది ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

అందుచేత ఉండడమా, వెళ్లడమా అన్నది ఆ ఆరు నెలలతో తేలలేదు. సంతకం చేసిన తాత చాలా ఇళ్లలో ఊరు విడిచిపెట్టనే లేదు. ఆ కాగితం పట్టుకుని ఫ్రాన్సుకు వెళ్లినవారు ఆయన కొడుకులు, మనుమలు.