మంచు ముందు బుల్లెట్ రైలు

గంటకు 210 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే రైలును నిలవేసేది ఏముంటుంది చెప్పండి? దూదిపింజలాంటి మంచు!

జపానులో టోక్యో, ఒసాకాల మధ్య షింకన్‌సెన్ రైలు 1964 అక్టోబరు 1న మొదలైంది. ఒలింపిక్సుకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. ఆ తొందరలోనే సుజుకా కొండలు తొలిచే దారి మానుకుని, సెకిగహారా మీదుగా పట్టాలు వేశారు. అక్కడ చలికాలంలో మంచు బాగా పడుతుంది.

రైలు వేగానికి ఆ మంచు పొడిలా లేచి పెట్టెల అడుగున గడ్డకట్టేది. వెచ్చని చోటికి రాగానే గడ్డలు ఊడిపడేవి, కింది కంకర ఎగిరేది, కిటికీ అద్దాలు పగిలేవి.

చివరికి దొరికిన ఉపాయమేమిటనుకున్నారు? దుమ్ము లేవకుండా మనం వాకిట్లో కల్లాపి చల్లమూ, అదే! పట్టాల పక్కన గొట్టాలు పెట్టి నీళ్లు చల్లారు. తడిసిన మంచు ఎగరదు కదా! అయినా పెద్దమంచు పడితే వేగం తగ్గించక తప్పదు. నగోయా స్టేషనులో పనివాళ్లు గడ్డలు రాల్చేదాకా ప్రయాణికులు గడియారం చూసుకుంటూ కూర్చోవలసిందే.