ల్యాప్‌టాప్‌కు వైర్‌లెస్ మౌస్: మన్నిక, ఎంపిక

వైర్‌లెస్ మౌస్ తన కదలికలనూ క్లిక్కులనూ తీగ లేకుండా రేడియో తరంగాల మీద కంప్యూటర్‌కు అందించే పరికరం. ల్యాప్‌టాప్‌కు టచ్‌ప్యాడ్ ఎలాగూ ఉంటుంది. అయినా గంటల తరబడి ఎక్సెల్ పట్టికలు, డ్రాయింగులు, ఫొటోల మీద పనిచేసేవాళ్లు విడిగా మౌస్ కొనుక్కుంటారు. ధర మూడు నాలుగు వందల రూపాయల దగ్గర మొదలై పదివేలు దాటి పోతుంది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది డీపీఐ అంకె, అంటే మౌస్ కొద్దిగా కదిలితే తెరమీది బాణం గుర్తు ఎంత జరుగుతుందో చెప్పేది. మౌస్ మూలన పడడానికి మాత్రం ఆ అంకెతో సంబంధం ఉండదు. సాధారణంగా ముందు పోయేది ఎడమ బటన్. ఆపైన స్క్రోల్ వీల్, సెల్ అర, రిసీవర్, పైపూత. ఇవి ఎలా చెడతాయో, చెడితే మార్చుకునే వీలుందో లేదో చూసుకుని కొన్న మౌసే ఎక్కువ కాలం పనిచేస్తుంది.

అరుగుదల చోటు మారిన తీరు

తొలి మౌస్ 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైంది. ఆలోచన డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది, చేసిపెట్టింది బిల్ ఇంగ్లిష్. అదొక చిన్న చెక్కపెట్టె. అడుగున రెండు లోహపు చక్రాలు, పైన ఒకే బటన్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో దాన్ని బహిరంగంగా చూపించారు. ఆ తర్వాత వచ్చిన బంతి మౌసుల్లో బంతి బల్లమీది దుమ్మునంతా లోపలికి లాక్కుపోయేది. లోపలి రోలర్ల మీద పేరుకున్న ఆ మురికిని గోటితో గీకి తీయడం 1990లలో కంప్యూటర్ నేర్చినవాళ్లందరికీ తెలిసిన పని.

1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాక ఆప్టికల్ సెన్సర్ మామూలు కొనుగోలుదారు చేతికి అందింది. దాంతో కదలికను పసిగట్టే భాగంలో అరిగేదంటూ ఏమీ మిగల్లేదు. అరుగుదల అంతా వేలు తగిలే చోటికి, అంటే బటన్లకూ వీల్‌కూ మారింది.

తీగ తీసేసే ప్రయత్నాలు అంతకుముందే మొదలయ్యాయి. 1980లలో వచ్చిన ఇన్‌ఫ్రారెడ్ మౌసులకు టీవీ రిమోట్ మాదిరే మధ్యలో ఏదీ అడ్డుండకూడదు. 1991లో లాజిటెక్ రేడియోతో పనిచేసే మౌస్‌ను అమ్మకానికి పెట్టడంతో ఆ ఇబ్బంది తీరింది. తీగ ఉన్నన్నాళ్లూ అది మెడ దగ్గర తెగడం పెద్ద రోగం. వైర్‌లెస్‌లో ఆ బెడద లేదు గానీ బదులుగా సెల్, రిసీవర్ అనే రెండు కొత్త బాధ్యతలు వచ్చిపడ్డాయి.

సెన్సర్

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మౌస్ అడుగున చిన్న దీపం వెలుగుతుంది. పక్కనున్న బుల్లి కెమెరా సెకనుకు వందల నుంచి వేల ఫొటోలు తీసి ఒకదానితో ఒకటి పోల్చి ఎటు కదిలిందో లెక్కకడుతుంది. ఆఫీసు పనికి 1000 డీపీఐ చాలు. 8000, 16000 అంకెలు ఆటలు ఆడేవాళ్లకో, పెద్ద పెద్ద తెరలున్నవాళ్లకో. ఎర్ర వెలుగు కనబడనంత మాత్రాన మౌస్ చెడిపోయిందనుకోకూడదు, చాలావాటిలో ఇప్పుడు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపమే ఉంటోంది. గాజుబల్ల మీద మామూలు సెన్సర్ తడబడుతుంది. లాజిటెక్ 2009లో తెచ్చిన డార్క్‌ఫీల్డ్ లాంటివి గాజు మీదా పనిచేస్తాయి. లేదంటే ఒక కాగితమో పాత నోటుపుస్తకమో కింద పెట్టుకుంటే సరిపోతుంది.

బటన్ కింద

మౌస్ విప్పి చూస్తే ఎడమ, కుడి బటన్ల కింద ఒక్కో నల్లటి ప్లాస్టిక్ డబ్బా, సుమారు 13 మిల్లీమీటర్ల పొడవున, మూడు కాళ్ల మీద సర్క్యూట్ బోర్డుకు అతికించి ఉంటుంది. అదే మైక్రోస్విచ్. దాని మూత ఊడదీస్తే లోపల పలచటి రాగి మిశ్రమపు రేకు, విల్లులా వంచి, బిగువుగా కనిపిస్తుంది. బటన్ నొక్కగానే ఆ రేకు ఒక కాంటాక్ట్ మీద నుంచి ఎగిరి రెండో దాన్ని తాకుతుంది. మనం వినే టిక్కుమనే చప్పుడు అదే. జపాన్‌కు చెందిన ఓమ్రాన్, చైనాకు చెందిన కైల్, హువానో ఈ స్విచ్చులు చేసే కంపెనీల్లో ముఖ్యమైనవి.

స్విచ్ ఆయుష్షును క్లిక్కుల్లో చెబుతారు. రకాన్ని బట్టి కోటి, 2 కోట్లు, 5 కోట్లు, 8 కోట్లు. రోజుకు 5,000 క్లిక్కులు చేసినా 2 కోట్లు తీరడానికి 4,000 రోజులు, అంటే దాదాపు 11 ఏళ్లు పట్టాలి. మరి రెండు మూడేళ్లకే చాలా మౌసులు మొరాయిస్తాయెందుకు? ఆ లెక్క యంత్రం ఒకే బలంతో, శుభ్రమైన గదిలో నొక్కినప్పటిది. ఇంట్లో దుమ్ము, చెమ్మ ఉంటాయి. పైగా వైర్‌లెస్ మౌస్ సెల్ ఆదా చేయడానికి స్విచ్ గుండా చాలా తక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు పంపుతుంది. కాంటాక్టుల మీద సన్నటి తుప్పు పొర ఏర్పడితే దాన్ని ఛేదించే శక్తి ఆ కరెంటుకు ఉండదు. రేకు బిగువు సడలితే అది తాకేచోట వణుకుతుంది. ఫలితంగా ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు కంప్యూటర్‌కు చేరుతుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఫైలు మీద ఒక్క క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. ఒక ఫోల్డర్‌ను లాక్కుంటూ పోతుంటే దారిలో జారిపడుతుంది. వాక్యం సెలెక్ట్ చేస్తుంటే మధ్యలో తెగిపోతుంది. కొన్ని కంపెనీలు రెండు తాకిళ్ల మధ్య కొన్ని మిల్లీసెకన్ల విరామాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఈ జబ్బును కొన్నాళ్లు కప్పిపెడతాయి. నయం చేయాలంటే మాత్రం స్విచ్ మార్చాల్సిందే. స్విచ్ ఖరీదు తక్కువే. టంకం పెట్టడం తెలిసిన ఏ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ అయినా పాత మూడు కాళ్లూ ఊడదీసి కొత్తది పెట్టగలడు. చిక్కంతా మౌస్‌ను విప్పడంలోనే. స్క్రూలను అడుగునున్న జారుడు పట్టీల కిందో లేబుల్ కిందో దాస్తారు. పట్టీ పీకితే ముడతపడి మళ్లీ సరిగా అంటదు. స్క్రూలు బయటికే కనిపించే మౌస్ దొరికితే, మిగతా లక్షణాలు సమానమైనప్పుడు, దాన్నే తీసుకోవడం మేలు. ఐదు వందల మౌస్‌కు మజూరీ గిట్టదు. మూడు వేలదానికి నిక్షేపంగా గిట్టుతుంది.

ఆప్టికల్ స్విచ్చుల్లో లోహం లోహాన్ని తాకి సంకేతం పంపడం ఉండదు. బటన్ నొక్కితే ఒక ఇన్‌ఫ్రారెడ్ కిరణం తెగడమో దారి దొరకడమో జరుగుతుంది, అంతే. కాబట్టి డబుల్ క్లిక్ జబ్బు వీటికి రాదు. ప్రస్తుతం ఇవి ఎక్కువగా గేమింగ్ మౌసుల్లోనే ఉన్నాయి.

స్క్రోల్ వీల్

వీల్ ఇరుసు చివర, అది ఎంత తిరిగిందో లెక్కించే ఎన్‌కోడర్ ఉంటుంది. చవకవాటిలో అది లోహపు వేళ్లు వలయం మీద రాసుకుంటూ తిరిగే రకం. దానిలోకి దుమ్ము చేరితే పేజీ కిందికి జరపబోతే పైకి గెంతుతుంది. గంటుల చక్రం మధ్య నుంచి వెలుగు పంపి లెక్కించే రకంలో రాపిడి తక్కువ. 2019లో వచ్చిన లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3లో వీల్ ఆగి ఆగి తిరిగే ఆ గరుకుదనాన్ని పళ్లచక్రం బదులు విద్యుదయస్కాంతంతో కల్పించారు. వీల్‌కు తొడిగిన రబ్బరు పట్టీ వదులై జారడం ఇంకో సాధారణ లోపం. షాపులో వీల్‌ను పక్కకు ఊపి చూడాలి. కొత్తలోనే కటకటలాడితే ఏడాది తిరిగేసరికి ఇంకా వదులవుతుంది.

సెల్‌దా, ఛార్జింగ్‌దా

మన్నిక ఒక్కటే కొలమానమైతే, జనం పెన్సిల్ సెల్ అనే ఏఏ సెల్‌తో నడిచే మౌస్‌దే పైచేయి. లాజిటెక్ ఎం185కు ఒక్క సెల్‌తో 12 నెలలు, ఎం720 ట్రయథ్లాన్‌కు 24 నెలలు వస్తుందని కంపెనీ చెబుతుంది. సెల్ అయిపోతే కిరాణా కొట్లో ఇంకొకటి దొరుకుతుంది.

దీనికున్న ప్రమాదం కారడం. చవక జింక్-కార్బన్ సెల్‌లో జింక్ తొడుగే ఎలక్ట్రోడ్ కూడా. వాడేకొద్దీ ఆ తొడుగే కరిగి, చివరికి చిల్లుపడి లోపలి రసాయనం బయటికొస్తుంది. ఆల్కలైన్ సెల్ ఆలస్యంగా కారుతుంది గానీ దానిలోని పొటాషియం హైడ్రాక్సైడ్ స్ప్రింగును తినేస్తుంది. ఆల్కలైన్ సెల్ కారినప్పుడు మిగిలే తెల్లటి పొక్కును దూదిపుల్లతో కొంచెం వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. వేసవి సెలవులకు బడి మూసినట్టు, నెలల తరబడి వాడని మౌస్‌లోంచి సెల్ తీసి పక్కన పెట్టడం అసలైన జాగ్రత్త. రీఛార్జి చేసుకునే నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్ వోల్టేజీ 1.2 మాత్రమే. అయినా చాలా మౌసులు దానితో నడుస్తాయి, అది కారడమూ అరుదు.

లోపలే లిథియం బ్యాటరీ బిగించిన మౌస్‌ను నెలకో రెణ్ణెల్లకో ఓసారి ఛార్జ్ చేస్తే చాలు. ఛార్జింగుల సంఖ్య ఆ బ్యాటరీని చంపదు, వయసూ వేడీ చంపుతాయి. పూర్తిగా ఖాళీ చేసి ఏడాదిపాటు సొరుగులో పడేస్తే మళ్లీ లేవకపోవచ్చు. ఐదారేళ్లకు బ్యాటరీ చేతకానిదైనప్పుడు విప్పి మార్చే దారి ఉందా అన్నదే ప్రశ్న. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ నిబంధనలు, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి పరికరాల బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలంటున్నాయి. ఆ ప్రభావం మన మార్కెట్‌కూ వస్తే మంచిదే. ఆపిల్ 2015లో తెచ్చిన మ్యాజిక్ మౌస్‌కు ఛార్జింగ్ రంధ్రం అడుగున పెట్టింది, గుచ్చితే మౌస్ వాడలేం. 2024లో యూఎస్‌బీ-సీకి మార్చినా రంధ్రం అక్కడే ఉంచింది. అందం కోసం అంత పంతం ఏ ఇతర కంపెనీకీ ఉన్నట్టు లేదు.

రిసీవర్, బ్లూటూత్

ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టులో గుచ్చే రిసీవర్ అయినా, బ్లూటూత్ అయినా వాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండే. భారతదేశంలో 2005 నుంచి దీనిలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. వైఫై కూడా ఇక్కడే తిరుగుతుంది. అంతకన్నా ఇబ్బంది పెట్టేది యూఎస్‌బీ 3.0. ఆ పోర్టు, దానికి తగిలించిన హార్డ్‌డిస్కు ఇదే బ్యాండులో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. బాణం గుర్తు ఆగి ఆగి గెంతుతుంటే మౌస్ చెడిందనుకునే ముందు రిసీవర్‌ను హార్డ్‌డిస్కుకు దూరంగా ఇంకో పోర్టులో పెట్టి చూడాలి. పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఉన్నా పనవుతుంది.

వేలిగోరంత రిసీవర్ పోయిందంటే చవక మౌసు పోయినట్టే. ఫ్యాక్టరీలో ఆ రెంటినీ జతకట్టి పంపుతారు, వేరేది పనిచేయదు. లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫైయింగ్, 2021లో తెచ్చిన బోల్ట్ రిసీవర్లు విడిగా దొరుకుతాయి. కొత్తదానికి మౌస్‌ను మళ్లీ జతచేసుకోవచ్చు. ఒకదానికి ఆరు పరికరాల దాకా కలుస్తాయి. 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ, కొన్ని రిసీవర్లకు దూరం నుంచే దొంగ కీస్ట్రోకులు పంపవచ్చని మౌస్‌జాక్ పేరుతో నిరూపించింది. కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చే కంపెనీని చూసుకోవడం మంచిది.

యూఎస్‌బీ-సీ పోర్టులు మాత్రమే ఉన్న పలుచటి ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్ మౌసే నప్పుతుంది, పోగొట్టుకోవడానికి రిసీవరే ఉండదు. కానీ విండోస్ లేవకముందు, బయోస్ తెరలో, బ్లూటూత్ మౌస్ సాధారణంగా పనిచేయదు. ఎం720 లాగా రెండు దారులూ ఉన్నది కొంటే రిసీవర్ పోయినా మౌస్ మిగులుతుంది. దాని బటన్లకు కంపెనీ చెప్పే ఆయుష్షు కోటి క్లిక్కులు.

పైపూత, సంచి

చేతికి మెత్తగా తగిలే రబ్బరు పూత షోరూములో బాగుంటుంది. అది చాలాసార్లు పాలియురేథేన్. గాలిలో తేమ దాని అణువుల గొలుసులను తెంపుతుంది. కొన్నేళ్లకు జిగురై వేళ్లకు అంటుకుంటుంది, దుమ్ము పట్టి నల్లబడుతుంది. కాకినాడ, విశాఖపట్నం, నెల్లూరు లాంటి తీరపు ఊళ్ల ఉక్కలో, చెమట చేతుల్లో ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేస్తే కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది, మౌస్ మళ్లీ వాడుకలోకొస్తుంది. అసలు పూతే లేని, కాస్త గరుకు ప్లాస్టిక్ మౌస్ కొంటే ఈ గొడవే ఉండదు. అడుగు పట్టీలు టెఫ్లాన్‌వైతే నున్నగా జారతాయి, నెమ్మదిగా అరుగుతాయి.

ల్యాప్‌టాప్ మౌస్ రోజూ సంచిలో తిరుగుతుంది. అడుగున ఆన్-ఆఫ్ మీట లేకపోతే సంచిలో కదిలినప్పుడల్లా నిద్రలేచి సెల్ తాగేస్తుంది. రిసీవర్ దాచే అర మౌస్‌లోనే ఉండాలి. ల్యాప్‌టాప్‌కు గుచ్చి ఉంచి సంచిలో కుక్కితే రిసీవర్‌తో పాటు పోర్టూ వంగుతుంది, ఆ రిపేరు మౌస్ ఖరీదును మించిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఆర్క్ లాంటి మడిచే మౌసులు తక్కువ చోటులో పడతాయి గానీ, మడత ఉన్నచోట అరుగుదల ఒకటి ఎక్కువ.

వారంటీ కంపెనీని బట్టి ఏడాది నుంచి మూడేళ్లు. పేరున్న బ్రాండ్లకు నకిలీలు ఎక్కువ కాబట్టి బిల్లు లేకుండా కొనకూడదు. సెల్ అరలోనో అడుగునో ఉండే సీరియల్ నంబరు పెట్టె మీదిదానితో సరిపోలాలి. వెనక్కి ఇచ్చే గడువు ముగిసేలోపే ఒక పెద్ద ఫైలును తెర ఈ కొస నుంచి ఆ కొసకు పదే పదే లాగి చూడాలి. స్విచ్‌లో లోపముంటే అప్పుడే బయటపడుతుంది.

ఇక బాగుపడదని తేలిన మౌస్ ఈ-వ్యర్థం కిందికి వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు వీటిని నమోదైన రీసైక్లర్లకు చేర్చమంటాయి. ఇవ్వడానికి ముందు సెల్ తీసి వేరుచేయాలి. లిథియం బ్యాటరీ ఉన్న మౌస్‌ను ఇంటి చెత్తలో కలిపితే, చెత్తబండిలో నలిగినప్పుడు మంటలు రేగవచ్చు.